అతికించే వేడి, బిగించే వేడి: రేడియో కంట్రోల్ (ఆర్‌సీ) మోడల్ విమానాలకి ఫిల్మ్ కవరింగ్

అందరికీ నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ పిల్లలు కొంచెం ముందుకి జరగండమ్మా, చేతిలో ఉన్నవి చూపిస్తూ మాట్లాడతాను, అక్కణ్ణించి కనపడవు. కాలేజీ టీముల వాళ్ళు ఎంతమంది? బానే ఉన్నారు. మీలో చాలామంది ఫోమ్ బోర్డుతో మొదలుపెట్టి ఇప్పుడిప్పుడే బాల్సా అనే తేలిక చెక్కకి వస్తున్నారు, కాబట్టి ఇవాళ చెప్పేది ముఖ్యంగా మీకోసమే.

ఇదిగో, ఈ రోల్ చూడండి. కవరింగ్ ఫిల్మ్. దీన్ని చూడగానే అందరూ ఏమనుకుంటారు? విమానానికి వేసే రంగు అనుకుంటారు. ఏ రంగు బావుంటుంది, ఎరుపా నీలమా, గాల్లో ఏది బాగా కనపడుతుంది, ఇవే అడుగుతారు. అడగండి, తప్పులేదు. కానీ ముందు ఒక పని చెయ్యండి. బాబూ, నువ్వు రా, ఈ రెక్క పట్టుకో. ఇది ఇంకా కవర్ చెయ్యనిది, ఒట్టి రిబ్బులు, అంటే రెక్కకి ఆకారమిచ్చే అడ్డ పలకలు, స్పార్, అంటే రెక్క పొడుగునా ఉండే ముఖ్యమైన కర్ర, ఇంకా ముందు వెనక కర్రలు. రెండు చివర్లూ పట్టుకుని మెల్లగా మెలి తిప్పు. తిరుగుతోందా? ఇప్పుడు ఈ రెండోది తీసుకో, అదే రెక్క, అదే కర్ర, కవర్ చేసింది. తిప్పు. తిరగట్లేదు కదా? మరి మధ్యలో ఏం కలిసింది? ఈ పల్చటి ఫిల్మ్ ఒక్కటే కలిసింది. అంటే మెలి తిరక్కుండా రెక్కని ఆపుతున్నదాంట్లో పెద్ద వాటా ఈ ఫిల్మ్‌ది. అందుకే నేను దీన్ని రంగు అనను, రెక్కలో ఒక భాగం అంటాను, స్పార్ ఎంతో ఇదీ అంతే.

పూర్వం ఈ పని ఎలా చేసేవాళ్ళు? టిష్యూ పేపరో పట్టుబట్టో పరిచి దాని మీద డోప్ అనే ద్రావణం పూసేవాళ్ళు. ఒక పూత ఆరాక ఇంకో పూత, మధ్యలో సాండ్ పేపర్, మళ్ళీ పూత. ఇల్లంతా వాసన, నైట్రేట్ డోప్ అయితే నిప్పు దగ్గరికి రానివ్వకూడదు, పైగా పూతలు పెరిగేకొద్దీ బరువు. 1960ల్లో అమెరికాలో టాప్ ఫ్లైట్ వాళ్ళు మోనోకోట్ అని ఒక ఫిల్మ్ తెచ్చారు, వేడి పెడితే అతుక్కుంటుంది, ఇంకొంచెం వేడి పెడితే బిగుసుకుంటుంది, రంగు అందులోనే ఉంటుంది. వారాల పని రెండు మూడు సాయంత్రాల పనైపోయింది. తర్వాత జర్మనీ ఒరాకవర్ వచ్చింది, అదే సరుకుని అమెరికాలో అల్ట్రాకోట్ పేరుతో అమ్మారు. ఇవాళ మన చేతికి ఎక్కువగా వచ్చేవి ఆన్‌లైన్లో దొరికే పేరూ ఊరూ లేని రోల్స్, వాటి సంగతి కూడా చెప్తాను.

బరువు గురించి ఒక్క లెక్క చెప్పి ముందుకెళ్దాం. మామూలు ఫిల్మ్ చదరపు మీటరుకి సుమారు 60, 70 గ్రాములు తూగుతుంది. మీటరున్నర రెక్క ఉన్న ట్రైనర్‌కి, అంటే ఎగరేయడం నేర్చుకునే విమానానికి, పైనా కిందా, తోకా బాడీ అన్నీ కలిపితే చదరపు మీటరున్నర దాకా పడుతుంది, అంటే 100 గ్రాములు. చిన్న మోడల్‌కి ఇది ఎక్కువ, అందుకే వాటికి సగం బరువుండే లైట్ రకాలు వేరే ఉంటాయి.

ఇప్పుడు అసలు విషయం. ఇది వేడికి ఎందుకు బిగుసుకుంటుంది? ఎప్పుడైనా ఆలోచించారా? ఇది పాలియెస్టర్. ఫ్యాక్టరీలో దీన్ని వేడి మీద పొడుగునా వెడల్పునా రెండు వైపులా లాగి, ఆ లాగిన స్థితిలోనే చల్లారుస్తారు. లోపలి అణువుల గొలుసులు సాగిపోయి అలా ఉండిపోతాయి. మనం మళ్ళీ వేడి చూపించగానే అవి వెనక్కి ముడుచుకోవాలని చూస్తాయి. అంచులు వదులుగా ఉంటే ఫిల్మ్ చిన్నదైపోతుంది, అంచులు గట్టిగా అతుక్కుని ఉంటే చిన్నది కాలేక బిగుసుకుంటుంది. మనూళ్ళలో డప్పు వాయించేముందు మంట దగ్గర కాస్తారు చూశారా, మూత బిగుసుకుని టంగుమంటుంది. కారణం వేరు, అక్కడ తోలులో తడి ఆరుతుంది, కానీ చేతికి తెలిసే ఫలితం అదే. డప్పుకైనా రెక్కకైనా అంచు ఊడితే మాత్రం ఎంత కాచినా లాభం లేదు.

అంచులు ముందు, బిగించడం తర్వాత. ఇదే ఇవాళ్టి పాఠం మొత్తం, మిగతాదంతా దీని వివరమే. ఫిల్మ్ కింద వేడికి కరిగే జిగురు పూత ఉంటుంది. ఆ జిగురు పట్టుకునే వేడి ఒకటి, ఫిల్మ్ ముడుచుకునే వేడి ఇంకొకటి. అతికించే వేడి తక్కువ, బిగించే వేడి ఎక్కువ. ఒరాకవర్ తీసుకుంటే జిగురు 100 డిగ్రీల దరిదాపుల్లోనే పట్టుకుంటుంది, బిగుసుకోవడం 150 దగ్గర. మోనోకోట్‌కి రెండూ ఎక్కువే, అతికించడానికి సుమారు 135, బిగించడానికి 175 దాకా. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీలోనే మన పని జరగాలి. నేను చూసిన ముడతలు, బుడగలు, ఊడిన అంచులు, వంకరపోయిన తోకలు, వీటిలో ఎక్కువ శాతం ఈ రెండు వేడుల్నీ కలిపేయడం వల్ల వచ్చినవే. అంచు అతికిస్తూనే ఐరన్ ఎక్కువ వేడి మీద పెడితే ఏమవుతుంది? జిగురు పట్టేలోపే ఫిల్మ్ ముడుచుకుని చేతిలోంచి జారిపోతుంది. మనం దాన్ని లాగుతాం, అది ముడత పడుతుంది, ఆ ముడత అంచులో అతుక్కుపోతుంది, ఇక అది అంత తేలిగ్గా పోదు.

మరి మన ఐరన్ ఎంత వేడి మీద ఉందో ఎలా తెలుస్తుంది? డయల్ మీద అంకెల్ని నమ్మకండి. కవరింగ్ ఐరన్ అని అమ్మేవాటికైనా, ప్రయాణాల్లో వాడే చిన్న ఇస్త్రీ పెట్టెకైనా అదే మాట. చాలామంది ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గురిపెట్టి చూస్తారు. అక్కడో ఇబ్బంది ఉంది, వినండి. మెరిసే లోహం మీద అది నిజం చెప్పదు, అసలు వేడి కంటే బాగా తక్కువ చూపిస్తుంది. తక్కువ ఉంది కదా అని మనం ఇంకా పెంచుతాం, ఫిల్మ్ కాలిపోతుంది. ఐరన్‌కి నూలు గుడ్డ తొడుగు వేసి ఆ గుడ్డ మీద కొలవండి, లేదా ప్లేటు మీద చిన్న మాస్కింగ్ టేప్ ముక్క అంటించి దాని మీద కొలవండి, దరిదాపు సరైన అంకె వస్తుంది.

పేరు లేని రోల్ అయితే దాని అంకెలు మనకెవరు చెప్తారు? ఎవరూ చెప్పరు, మనమే కనుక్కోవాలి. మిగిలిపోయిన బాల్సా కర్రలతో జానెడు చదరం ఒకటి చేసి పెట్టుకోండి, ఇదిగో ఇలాంటిది. ముందు ఒక ఫిల్మ్ పీలికని చెక్క ముక్క మీద తక్కువ వేడితో రుద్దండి, చల్లారాక పీకండి. తేలిగ్గా ఊడొస్తే కొంచెం వేడి పెంచి మళ్ళీ. పీకితే బాల్సా పోగులు కూడా లేచొచ్చాయా, అదే మీ అతికించే వేడి, డయల్ మీద స్కెచ్ పెన్నుతో గీత పెట్టుకోండి. తర్వాత ఈ చదరానికి నాలుగు అంచులూ అతికించి మధ్యలో ఐరన్ ఆనీ ఆనకుండా తిప్పుతూ వేడి పెంచుకుంటూ పోండి. చిన్న చిన్న అలలు మాయమైన చోట రెండో గీత. అరగంట పని కూడా కాదు, కానీ ఆ రోల్ ఉన్నంతకాలం పనికొస్తుంది. కొత్త రోల్ వస్తే, వేరే రంగు వచ్చినా సరే, మళ్ళీ చూసుకోండి.

ఐరన్ పెట్టకముందు చెయ్యాల్సింది సాండింగ్. దీని గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే, 220 నంబరు సాండ్ పేపర్‌తో మొదలుపెట్టి 400 దాకా. రెండు విషయాలు మాత్రం గుర్తుపెట్టుకోండి. ఒకటి, సీఏ గమ్, అంటే క్షణాల్లో పట్టుకునే ఇన్‌స్టంట్ గమ్, బాల్సా కంటే బాగా గట్టిది, సాండ్ పేపర్ చుట్టూ ఉన్న మెత్తటి చెక్కని తినేసి గమ్ గీతని గట్టులా వదిలేస్తుంది, ఫిల్మ్ వేశాక ఆ గట్టు స్పష్టంగా కనపడుతుంది. రెండోది, తెలుపు, పసుపు లాంటి లేత రంగులు వేస్తుంటే చెక్క మీద పెన్సిల్ గీతలు, బాల్ పెన్ను రాతలు అన్నీ పైకి కనపడతాయి. ఆఖర్న దుమ్ము పూర్తిగా తీసేయాలి. ఫిల్మ్ వెనకున్న ప్లాస్టిక్ కాయితం పీకగానే స్టాటిక్ వల్ల గదిలో ఉన్న బాల్సా పొడంతా వచ్చి జిగురుకి అంటుకుంటుంది, కాబట్టి సాండింగ్ చేసిన బల్ల మీద కవరింగ్ చెయ్యొద్దు. ఆ వెనక కాయితం గోటితో రావట్లేదంటారు అందరూ. మూల దగ్గర అటో టేప్ ముక్క ఇటో టేప్ ముక్క అంటించి రెంటినీ విడదీయండి, వచ్చేస్తుంది.

సరే, రెక్క. కింద వైపు ముందు, పై వైపు తర్వాత. ఎందుకు? పైన వేసిన ముక్క కిందదాని మీదకి కొంచెం మడత పడాలి, అప్పుడు చూసేవాళ్ళకి అతుకు కనపడదు. ఏ అతుకైనా గాలి దాన్ని లేపేలా ఉండకూడదు, నొక్కేలా ఉండాలి, కాబట్టి అతుకు నోరు వెనక్కి చూడాలి. మడత 5, 6 మిల్లీమీటర్లు చాలు. రెండు రంగులు కలిసే చోట లేత రంగు ముందు వేసి ముదురు రంగు దాని మీదకి రానివ్వండి, తిరగేస్తే లేత రంగు కింద ముదురు గీత కనపడుతూనే ఉంటుంది.

ముక్కని చుట్టూ మూడు నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ కత్తిరించి రెక్క మీద పరవండి. ఐరన్ మొదటి గీత మీద. రెక్క మొదట్లో మధ్యన ఒక్క చోట అంటించండి. తర్వాత కొస వైపు మెల్లగా లాగి అక్కడ ఒక్క చోట. ఇప్పుడు ముందు అంచు మధ్యలో, దానికి ఎదురుగా వెనక అంచు మధ్యలో. ఎప్పుడూ ఎదురెదురుగా, మధ్య నుంచి బయటికి. ఒక వైపు నుంచి వరసగా అతికించుకుంటూ పోతే ముడతలన్నీ తోసుకుంటూ వచ్చి చివరి మూలలో పోగుపడతాయి. ఇలా చుట్టూ అతికించాక రెండోసారి మళ్ళీ చుట్టూ తిరగండి, ఈసారి ఎక్కడా ఖాళీ లేకుండా అంచంతా. మధ్యలో వదులుగా ఉందా? ఉండనివ్వండి. అందరికీ ఇక్కడే ఓపిక పోతుంది. ఇంకా పై వైపు వెయ్యలేదు, అప్పుడే కింద వైపు బిగించొద్దు. ఒక వైపే బిగిస్తే రెక్క అటు వంగుతుంది, పల్చటి తోక పలకలు, రెక్క వెనక అంచున కదిలే ఐలెరాన్లు అయితే ఇంకా తొందరగా వంగుతాయి. రెండు వైపులా అంచులు పూర్తిగా అతికాకే ఐరన్ రెండో గీతకి పెంచండి, అది కూడా కాసేపు పైన, కాసేపు కింద, మార్చి మార్చి.

రిబ్బుల మధ్య గదులుంటాయి కదా, వాటిలో గాలి సంగతి ఏంటి? మూసేసిన గదిలో గాలి వేడెక్కితే పెరుగుతుంది, ఫిల్మ్‌ని బయటికి ఉబ్బిస్తుంది, మనం ఇది బిగవట్లేదేంటి అని ఇంకా వేడి పెడతాం, ఆఖరికి అంచు ఊడుతుంది. కాబట్టి కవర్ చెయ్యకముందే రిబ్బులకి చిన్న బెజ్జాలు ఉండేలా చూసుకోండి, లేదంటే కింద వైపు ఫిల్మ్‌కి గదికో గుండుసూది పోటు పెట్టండి.

చెక్క పలక పూర్తిగా ఉన్న చోట, అంటే రెక్క ముందు భాగం, బాడీ పక్కలు, అక్కడ ఇబ్బంది వేరు. బాల్సా నిండా గాలీ తడీ ఉంటాయి. వేడి తగలగానే అవి బయటికొచ్చి ఫిల్మ్ కింద బుడగలవుతాయి. అక్కడ వేడి గాలి ఊదే హీట్ గన్ వాడొద్దు. ఐరన్ తక్కువ వేడి మీదే మధ్య నుంచి బయటికి నెమ్మదిగా నడపండి, రెండో చేతిలో మెత్తటి నూలు గుడ్డ పెట్టుకుని ఐరన్ వెనకే ఆ గుడ్డతో నొక్కుకుంటూ రండి, ఇలా, చూడండి, ఐరన్, గుడ్డ, ఐరన్, గుడ్డ. జిగురు చల్లారేటప్పుడే పట్టుకుంటుంది, ఆ చల్లారే క్షణంలో ఫిల్మ్ చెక్కకి ఆని ఉండాలి. ఆ గుడ్డ చేసే పని అదే. అప్పటికీ మొండి బుడగ ఉంటే సన్నటి సూదితో పొడిచి మళ్ళీ నొక్కండి.

రెక్క కొస గుండ్రంగా ఉంటుంది, అక్కడ రెండు దిక్కుల్లోనూ వంపే. ఫిల్మ్ చివర ఎక్కువగా ఉంచుకుని, దాన్ని చేత్తో గట్టిగా లాగుతూ ఆ లాగే చోట హీట్ గన్ చూపించండి, మెత్తబడి సాగి వంపులో కూర్చుంటుంది, అప్పుడు వెంటనే అంచు అతికించండి. చేతికి నూలు గ్లవ్స్ తప్పనిసరి.

ఇప్పుడు చెప్పేది చాలా ముఖ్యం. ఎక్కువైన ఫిల్మ్ కొయ్యడానికి అందరూ బ్లేడు తీసుకుంటారు. బ్లేడు ఫిల్మ్‌తో పాటు కింద బాల్సా మీద కూడా సన్నటి గాటు పెడుతుంది. పైకి కనపడదు. రెక్క మధ్యలో రంగు మార్చడానికి అడ్డంగా అలాంటి గీత ఒకటి గీశారనుకోండి, గాల్లో లూప్ తీసేటప్పుడు బరువంతా మోసే ఆ పలక సరిగ్గా ఆ గీత దగ్గరే విరుగుతుంది. రెక్క మీద పెట్టి ఎప్పుడూ కొయ్యకండి. ముక్కల్ని గాజు పలక మీద పెట్టి ముందే కొలతకి కోసుకోండి. అంచుల దగ్గర కొయ్యాల్సి వస్తే కొత్త బ్లేడు, చెక్క మీద ఒత్తిడి పడకుండా బయటి వైపుకి. సోల్డరింగ్ ఐరన్‌కి సన్నటి మొన పెట్టి ఫిల్మ్‌ని కరిగిస్తూ కొయ్యడం కూడా మంచి పద్ధతే, అది చెక్కకి గాటు పెట్టదు.

పని అయ్యాక రెక్కని కంటి ఎత్తులో పెట్టి వెనక నుంచి చూడండి. మెలి ఉందా? ఉంటే దిద్దొచ్చు. ఒకరు రెక్కని రెండో వైపుకి కాస్త ఎక్కువగా మెలి తిప్పి పట్టుకోండి, ఇంకొకరు పైనా కిందా గన్‌తో వేడి పెట్టండి, చల్లారేదాకా వదలొద్దు. ఫిల్మ్ ఆ కొత్త ఆకారంలో బిగుసుకుని రెక్కని అలాగే పట్టి ఉంచుతుంది. వాషౌట్ పెట్టేది కూడా ఇలాగే, కొసల్లో వెనక అంచు కొంచెం పైకి ఉండేలా. మొదట్లో రెక్కని మెలి తిప్పి చూపించాను కదా, ఫిల్మ్‌కి ఎంత బలం ఉందో అని, ఆ బలం తప్పుగా పడితే వంకర, సరిగ్గా పడితే వాషౌట్.

ఇదేదో బొమ్మ విమానాల విద్య అనుకోకండి. మనుషులెక్కే చిన్న విమానాల్లో గుడ్డ కప్పినవి ఇప్పటికీ ఉన్నాయి, వాటికి పాలియెస్టర్ గుడ్డ వేసి ఇస్త్రీ పెట్టెతోనే బిగిస్తారు. ముందు గమ్‌తో అంచులు, తర్వాత 121 డిగ్రీలు, ఆపైన పెంచుకుంటూ ఆఖరికి 177. అది దాటితే గుడ్డ మళ్ళీ వదులవుతుంది, కాబట్టి ఐరన్ వేడి కొలవకుండా ముట్టుకోరు. 1979 జూన్ 12న గాసమర్ ఆల్బట్రాస్ అనే విమానం ఇంగ్లిష్ ఛానెల్ దాటింది, ఇంజన్ లేదు, బ్రయన్ ఆలెన్ అనే అతను పెడల్ తొక్కుతూ 2 గంటల 49 నిమిషాల్లో దాటాడు. దాదాపు 30 మీటర్ల రెక్క, విమానం బరువు 32 కిలోలు. పైన కప్పింది ఏంటి? మైలార్, మన ఫిల్మ్ జాతిదే, వేడితో బిగించిందే. దాన్ని తయారుచేసిన పాల్ మెక్రెడీ చిన్నప్పటి నుంచి మోడల్ విమానాలు కట్టిన మనిషి. పిల్లలూ, ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి, మీరు ఇవాళ నేర్చుకునే పని చిన్నదేం కాదు.

మన వాతావరణం గురించి చెప్పాలి, ఇది రోల్ మీద రాసి ఉండదు. బాల్సా వానాకాలంలో తడి పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండాకాలంలో ఆరి కుంచించుకుపోతుంది. వైజాగ్‌లో ఆగస్టులో కవర్ చేసిన రెక్క ఏప్రిల్ వచ్చేసరికి ముడతలు పడిందంటే తప్పు ఫిల్మ్‌ది కాకపోవచ్చు, కింద చెక్క చిన్నదైంది. అదే పొడి రోజుల్లో చేస్తే వానాకాలంలో చెక్క ఉబ్బి ఫిల్మ్ ఇంకా బిగుతుగా ఉంటుంది. నా మాట వింటే చెక్క పని వానల్లో చేసుకోండి, కవరింగ్ మాత్రం పొడి రోజులకి ఆపుకోండి. కుదరకపోతే చెక్కని ఒకట్రెండు రోజులు ఏసీ గదిలో ఉంచి అక్కడే కవర్ చెయ్యండి. ఇక ఎండలు. విజయవాడ, రామగుండం ఎండలకి మూసేసిన కారులో 60 డిగ్రీలు దాటడం మామూలే. నల్ల ఫిల్మ్ వేసిన విమానం అందులో వదిలేస్తే ఏమవుతుంది? జిగురు మెత్తబడుతుంది, బిగువు మీదున్న ఫిల్మ్ అంచుని లాగుతుంది, అంచు మిల్లీమీటరు జరిగినా ముడతలే. తెల్ల గుడ్డ కప్పండి, అద్దాలు కొంచెం దించండి. ఎండలో ముడతలు కనపడి నీడకి రాగానే పోతే కంగారు పడక్కర్లేదు, పోకపోతే మాత్రం ముందు అంచులు తక్కువ వేడితో మళ్ళీ రుద్ది, ఆ తర్వాతే మధ్యలో బిగించండి. ఇక్కడ కూడా అదే వరస.

ఇంధనంతో నడిచే చిన్న గ్లో ఇంజన్ వాడేవాళ్ళు ముక్కు దగ్గర, ట్యాంకు గదిలో అంచుల్ని పల్చటి ఎపాక్సీతో మూసేయండి, సైలెన్సర్ నుంచి వచ్చే నూనె అతుకు కిందకి దూరితే ఆ జిగురు ఇక పట్టదు. ఎలక్ట్రిక్ వాళ్ళకి ఈ బాధ లేదు.

ఎవరో చెయ్యెత్తారు. ఆ, చెప్పమ్మా. ఫోమ్ మీద వెయ్యొచ్చా అని అడుగుతోంది. వెయ్యొచ్చు, కానీ తెల్ల థర్మోకోల్ 100 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, అంటే బిగించే వేడి దాకా మనం వెళ్ళనే కూడదు. తక్కువ వేడికి అతుక్కునే రకం తీసుకుని, ముడత లేకుండా పరుచుకుంటూ అతికించే వేడితోనే పని ముగించాలి. గన్ అసలు వద్దు. ముందు ఒక చెత్త ముక్క మీద చూసుకో తల్లీ.

ఇంకొకరు? చిరిగితే ఏం చెయ్యాలి. మంచి ప్రశ్న. చిరుగు చుట్టూ స్పిరిట్‌తో తుడిచి, గుండ్రటి ముక్క కోసి, మూలలున్న ముక్క వద్దు, మూలలే ముందు లేస్తాయి, అతికించే వేడితో మధ్య నుంచి బయటికి. ఫిల్మ్ మీద ఫిల్మ్ వేసేటప్పుడు గాలి ఎటూ పోలేదు, బుడగలొస్తాయి. పెద్ద ముక్కలు, నంబర్లు, గీతలు వేసేటప్పుడు కొలిన్ లాంటి గ్లాస్ క్లీనర్ చల్లి, ముక్కని తడి మీద జరుపుకుని సరిగ్గా పెట్టి, పాత ఏటీఎం కార్డుకి గుడ్డ చుట్టి నీళ్ళన్నీ బయటికి నెట్టేయండి. రాత్రంతా ఆరనిచ్చి పొద్దున అంచుల మీద మాత్రం తక్కువ వేడితో ఐరన్ తిప్పండి. తడి ఉండగా వేడి పెడితే ఆవిరి బుడగలు లేస్తాయి, కాబట్టి ఆ రాత్రి ఆగాల్సిందే.

సరే, బల్లల మీద ఐరన్లు వేడెక్కి ఉన్నాయి, తొడుగులు వేసే ఉన్నాయి. బల్లకి నలుగురు చొప్పున రండి. రెక్కలు ఇప్పుడే వద్దు, అందరికీ ఒక్కో రడ్డర్, అంటే తోక మీద నిలువుగా ఉండి కదిలే పలక, ఇస్తాం, ముందు చదరం మీద మీ రెండు గీతలు పెట్టుకోండి, నేను వచ్చి చూశాక రడ్డర్ మొదలుపెట్టండి.